ఒక అతుకు వదిలిన గోడ

ఏప్రిల్‌లో ఒక శనివారం వాసుదేవరావు స్టేషన్ వాగన్ వెనక సీటు మడిచి మూడు రాళ్ళు ఇంటికి తెచ్చాడు. ఒకటి సున్నపురాయి, ఒకటి అచ్చులో పోసిన కాంక్రీటు పలక, ఒకటి కాల్చిన మట్టి పెంకు. రాచెస్టర్ రోడ్ మీద రాళ్ళ యార్డులో వాటిని శాంపిల్‌గా ఇచ్చారు. పెరట్లో గోడ పక్కన గడ్డి మీద వరసగా పెట్టి భార్య హైమను పిలిచాడు.

హైమ శాలువా కప్పుకుని వచ్చింది. రాళ్ళను చూసింది. గోడ దాకా రాలేదు.

“ఇవేవీ బాగాలేవండీ.”

“చేత్తో ముట్టుకోనైనా లేదు నువ్వు.”

“ముట్టుకుంటే బాగుపడతాయా?”

“ఏం బాగాలేదో చెప్పు. కలరా, సైజా?”

“తొందరేముంది? గోడేమన్నా లేచి పారిపోతుందా?”

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అంతకుముందు వారం తెచ్చిన ఇటుకలకూ ఇదే జరిగింది.

తొందర ఉంది. ఆ గోడ కట్టింది బోలు సిమెంటు బ్లాకులతో. ఒక్కో బ్లాకులో రెండు గదులుంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు ఆ గదులు కలిసి పైనుంచి పునాది దాకా గొట్టాల్లా అవుతాయి. పైన కోపింగ్ రాళ్ళు పరిచి మూసేదాకా వానా మంచూ వాటిలోకి దిగుతాయి. మిషిగన్ చలికి ఆ నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది. బ్లాకు పగులుతుంది. వాసుదేవరావు ఇంజనీరు. కారు తలుపుల్లోకి నీరు రాకుండా ఆపే రబ్బరు సీళ్ళు డిజైన్ చేయడం అతని ఉద్యోగం. పైకప్పు లేని గోడను వంటింటి కిటికీలోంచి చూస్తూ పొద్దున కాఫీ తాగడం అతనికి కష్టంగా ఉండేది.

గోడ అతని తల్లి అడిగింది.

ఆండాళమ్మ 1983 వేసవిలో కాకినాడ నుంచి ట్రాయ్‌లో కొడుకింటికి వచ్చింది. ఆ వీధిలో ఏ ఇంటికీ ప్రహరీ లేదు. ఒక ఇంటి గడ్డి ఇంకో ఇంటి గడ్డిలో కలిసిపోతుంది. వచ్చిన వారంలోనే ఆమె కొడుకును పెరట్లోకి తీసుకెళ్ళింది.

“మన హద్దు ఎక్కడి దాకారా, వాసూ?”

అతను చెయ్యి చాపి చూపించాడు.

“గోడ లేకుండా ఎలా తెలుస్తుంది?”

“సిటీ మ్యాపులో ఉంటుందమ్మా.”

“మ్యాపు కుక్కకి తెలుస్తుందా?”

పక్కింటి కుక్క అప్పుడు హైమ వేసిన బెండ మొక్కల మధ్య పడుకుని ఉంది.

పెరటి వైపు నాలుగడుగుల గోడకు సిటీ అనుమతి ఇచ్చింది. సెప్టెంబర్‌లో లెనర్డ్ అనే మేస్త్రీ పునాది తవ్వాడు. ఆండాళమ్మ మడత కుర్చీ వేసుకుని, ఎండలో కూడా మంకీ క్యాప్ తీయకుండా, పని చూస్తూ కూర్చునేది. గోడ లేచాక తూర్పు మూల దగ్గర నిలబడి బ్లాకుల మీద చెయ్యి ఆనించేది. పొద్దున ఎండ ముందు అక్కడికే వస్తుంది.

కోపింగ్ విషయంలో తల్లికీ కొడుక్కీ పడలేదు. నీరు జారిపోవాలి కాబట్టి రాళ్ళు ఏటవాలుగా ఉండాలని కొడుకు. చదునుగా ఉండాలని తల్లి.

“ఏటవాలుగా పెడితే నా వడియాలు ఎక్కడ పెట్టుకోను? జారి ఆ కుక్క నోట్లో పడతాయి.”

“ఇక్కడ వడియాలు ఎండే ఎండ ఎక్కడిదమ్మా?”

“గోడ వచ్చిందిగా. ఎండా వస్తుంది.”

ఆ వాదన తేలేలోగా చలి వచ్చింది. చలిలో సిమెంటు మాలు గట్టిపడదని లెనర్డ్ గోడ మీద ప్లాస్టిక్ షీటు కప్పి, పైన ఇటుకలు బరువు పెట్టి, వసంతంలో వస్తానని వెళ్ళాడు. జనవరిలో ఆండాళమ్మకు న్యుమోనియా చేసింది. ఆస్పత్రిలో నాలుగు దుప్పట్లు కప్పినా చలి చలి అంటూనే పోయింది.

కర్మ గరాజ్‌లో జరిగింది. చేయించింది రాధాకృష్ణ. అతను పెయింట్ల కంపెనీలో కెమిస్టు. తండ్రి పురోహితుడు కావడంతో డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు పెళ్ళికైనా కర్మకైనా అతనే దిక్కు. మొదటి రోజు పెరట్లోకి వెళ్ళి, పునాది తవ్వినప్పుడు పోసిన మట్టికుప్పలోంచి గుప్పిట్లో పట్టే రాయి ఒకటి ఏరుకొచ్చాడు. పోయినవారిని ఆ రాతిలోకి ఆవాహన చేస్తారు. రోజూ దానికి నువ్వులూ నీళ్ళూ వదులుతారు. పదో రోజు దాన్ని నీటిలో విడిచిపెడితే వారు బయలుదేరతారు.

పదో రోజు క్లింటన్ నది దగ్గరకు వెళ్ళారు. నది మధ్యలో నీరు పారుతోంది. రెండు ఒడ్డుల వెంటా ఐసు కట్టింది. రాధాకృష్ణ చెప్పాడు: “నదికి వీపు పెట్టి నిలబడండి. భుజం మీదుగా వెనక్కి విసరండి. ఇంక వెనక్కి చూడొద్దు. ఏం వినబడ్డా సరే, కారు దాకా నడవడమే.” చెప్పి అతను ముందు నడిచాడు.

వాసుదేవరావు ఓవర్‌కోటు వేసుకుని ఉన్నాడు. చెయ్యి సరిగా లేవలేదు. విసిరాడు. ఠక్ అని వినబడింది.

నీటిలో రాయి పడిన చప్పుడు అది కాదు. అతను వెనక్కి చూడలేదు. కారు ఎక్కాడు. హీటరు వేసుకుని కారులో కూర్చున్న హైమ ఏమీ అడగలేదు. అతనూ ఏమీ చెప్పలేదు.

మార్చిలో మంచు కరిగాక మొదలైంది. ఒకరోజు పొద్దున కిటికీలోంచి చూస్తే తూర్పు మూల దగ్గర షీటు వెనక్కి మడిచి ఉంది. బరువు పెట్టిన ఇటుక పక్కన గడ్డిలో ఉంది. గాలి అనుకుని మళ్ళీ కప్పాడు. మర్నాడూ అంతే. రెండు ఇటుకలు పెట్టాడు. పొద్దునకి రెండూ గడ్డిలో ఉన్నాయి. మిగతా గోడ పొడవునా షీటు కదలలేదు. మడిచిన చోటు తల్లి చెయ్యి ఆనించే చోటు. హైమకు చెప్పలేదు. నెలనెలా మాసికం పెట్టేటప్పుడు రాధాకృష్ణకూ చెప్పలేదు. ఆఫీసుకు వెళ్ళేముందు ఇటుకలు తీసి పెట్టడం అలవాటు చేసుకున్నాడు.

అమ్మ వెళ్ళిందా, వెళ్ళలేదా? అతనికి తెలియవలసింది అదొక్కటే. గోడ మూసేస్తే ఆ మడతా ఆగిపోతుందని అతనికి అనిపించేది. మూసేశాక ఆమె వెళ్ళలేదని తెలిస్తే ఏం చేయాలన్న ఆలోచన ఆ తర్వాత వచ్చేది.

మే నెలలో హైమను యార్డుకు తీసుకెళ్ళాడు. ఆమె రానంది. నువ్వు ఎంచుకోకపోతే నేను ఎంచుకుంటానన్నాడు. వచ్చింది. యార్డు మనిషి సున్నపురాయి పలక ఒకటి ఎత్తి కాంక్రీటు నేల మీద పెట్టాడు. ఠక్‌మంది. వాసుదేవరావు అటు తిరిగాడు. హైమ కూడా అప్పుడే అటు తిరగడం అతను చూశాడు.

“ఇది వద్దు” అన్నాడు వాసుదేవరావు.

“వద్దు” అంది హైమ.

ఆ ఇద్దరూ ఒక మాట మీదకు రావడం ఆ నెలల్లో అదే మొదలు.

యార్డు చివర చెక్కల మీద పలకలు పేర్చి ఉన్నాయి. పెన్సిల్వేనియా నుంచి వచ్చిన రాయి. బ్లూస్టోన్ అంటారని యార్డు మనిషి చెప్పాడు. హైమ దాని మీద అరచెయ్యి పెట్టింది.

“నాపరాయిలా ఉందండీ. మా పుట్టింటి వంటింట్లో గట్టు ఇదే. అత్తయ్యకైతే...” అని ఆగి చెయ్యి తీసేసింది.

“అమ్మకైతే ఏమిటి?”

“ఏం లేదు. ఇంకో వారం ఆగుదాం.”

“ఆగితే లెనర్డ్ దొరకడు హైమా. ఈ నెల దాటితే జూలై దాకా ఖాళీ లేదట.”

అతను ఆ రాయే ఆర్డర్ చేశాడు. కింది అంచున నీరు జారేందుకు గాడి కోయించాడు. కింద మాలు ఒక పక్క ఎత్తుగా వేసి, పలకను పెరటి వైపుకు వాల్చి పెట్టాలని లెనర్డ్‌కు కాగితం మీద గీసి ఇచ్చాడు.

లెనర్డ్ ఒక శనివారం పొద్దున వచ్చాడు. షీటు తీసి మడిచి పక్కన పెట్టాడు. పడమటి చివర నుంచి మొదలుపెట్టి, మాలు పరిచి, పలక పెట్టి, సుత్తి పిడితో తట్టి, మట్టం చూసి, మళ్ళీ తట్టి వస్తున్నాడు. మధ్యాహ్నానికి తూర్పు మూల మిగిలింది. మాలు తాపీతో ఎత్తి ఆ మూల బ్లాకు మీద వేయబోతుండగా వెనక తలుపు తెరుచుకుంది. హైమ చెప్పుల్లేకుండా గడ్డి మీద నడిచి వచ్చి ఆ బ్లాకు మీద రెండు చేతులూ బోర్లించింది.

“ఇక్కడ వద్దు” అంది తెలుగులో. తర్వాత ఇంగ్లీషులో అంది.

లెనర్డ్ ఆమెనూ, వాసుదేవరావునూ చూశాడు. తాపీని బకెట్‌లో పెట్టాడు. ఇది నా లంచ్ టైమ్ అని ట్రక్కు దగ్గరకు వెళ్ళాడు.

“ఏమిటిది?” అన్నాడు వాసుదేవరావు.

“ఇందులో అత్తయ్య ఉంది.”

అతను నవ్వలేదు. “రాయా?” అన్నాడు.

హైమ తలెత్తింది. “మీకు తెలుసా?”

“నీళ్ళలో పడలేదని తెలుసు. చప్పుడు విన్నాను.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“వెనక్కి చూడకూడదన్నాడుగా. చూడనిది ఏమని చెప్పను?”

“నేను చూశాను. నన్ను చూడొద్దని ఎవరూ అనలేదు. మీరు నడిచొస్తుంటే మీ వెనకాల ఐస్ మీద ఉంది. బస్ కోసం కూర్చున్నట్టు కూర్చుంది.”

మిగతాది ఆమె బ్లాకు మీంచి చేతులు తీయకుండానే చెప్పింది. కర్మ అయిపోయాక, అతను ఆఫీసుకు వెళ్ళిన మొదటి రోజు, ఒక్కతే నది దాకా డ్రైవ్ చేసింది. రాయి అక్కడే ఉంది. పైన మంచు పడి ఉంది. కారు అద్దం మీది మంచు తుడిచే బ్రష్‌తో ఒడ్డుకు లాగింది. చేతిలోకి తీసుకుంటే అరచేతికి అతుక్కుంది. హీటర్ ముందు పెట్టుకున్నాక గానీ ఊడలేదు.

“విసరలేకపోయావా? మధ్యలో నీళ్ళున్నాయిగా.”

“ఆ నీళ్ళలోకా? చలి చలి అంటూ పోయిన మనిషినండీ. నేనే విసరాలా?”

అతను ఆమె చేతుల కింది బ్లాకును చూశాడు.

“ఇంట్లోకి తేకూడదు కదా. గరాజ్‌లో పెడితే మీరు చూస్తారు. ఆవిడ మంకీ క్యాప్ నా కోటు జేబులో ఉంది, ఆస్పత్రిలో ఇచ్చింది. అందులో పెట్టి ఇక్కడ దించాను. ఆవిడ చోటు కదా అని. నాలుగు రోజులకే అనుకున్నాను. తర్వాత దగ్గరకు రావాలంటే భయమేసింది.”

“రోజూ పొద్దున షీటు తీసి చూస్తున్నది నువ్వేనన్నమాట.”

“ఏ షీటు?”

“ఈ మూల షీటు. మార్చి నుంచి. ఇటుకలు కింద పెట్టి మడిచిపెడుతున్నావుగా.”

హైమ చేతులు బ్లాకు మీంచి లేచాయి. “నేను జనవరి తర్వాత ఈ మూలకు ఇవాళే రావడం” అంది.

ట్రక్కులో రేడియో వినిపిస్తోంది. బేస్‌బాల్ మ్యాచ్. వాసుదేవరావు ఇంట్లోకి వెళ్ళి బట్టల హ్యాంగరు తీగ ఒకటి విప్పి, చివర కొక్కెంలా వంచి తెచ్చాడు. బ్లాకు గదిలోకి దింపాడు. కొంత లోతులో ఉన్ని తగిలింది. మెల్లగా లాగాడు. క్యాప్ వచ్చింది. తడిసి ఉంది. కళ్ళ దగ్గరి కంత నుంచి ఉన్ని విడిపోయి దారాలు వేలాడుతున్నాయి. లోపల రాయి లేదు.

హైమ క్యాప్‌ను పిండి, మడిచి, రెండు చేతుల మధ్య పట్టుకుంది.

అతను టార్చి వేసి చూశాడు. అడుగున రాలిన మాలు ముద్దలు, ఆకులు, రాళ్ళు. గోడ కట్టేటప్పుడు పడినవి కొన్ని. అన్నీ ఆ మట్టికుప్పలోవే. ఏది ఏదో పైనుంచి తెలియలేదు. అడుగు బ్లాకు పగలగొడితే చెయ్యి పడుతుంది. పదినిమిషాల పని. అతను లోపలికి వెళ్ళి రాధాకృష్ణకు ఫోన్ చేశాడు. చప్పుడుతో మొదలుపెట్టి షీటు దాకా చెప్పాడు.



“నాకు ఠక్ అని వినబడింది వాసుదేవరావుగారూ” అన్నాడు రాధాకృష్ణ. “చెట్టు కొమ్మేమో అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.”

“ఇప్పుడు పగలగొట్టి తీసి నదికి తీసుకెళ్ళమంటారా?”

“తీయకండి. ఒకసారి పంపించారు. మీ ఆవిడ వెనక్కి పిలిచింది, మీ అమ్మగారు వచ్చారు. ఇప్పుడు మళ్ళీ చేతిలోకి తీసుకుంటే మళ్ళీ పిలిచినట్టే. విసిరిన రాయి తీసుకోకూడదు. ఇది పుస్తకంలో మాట కాదు, మా నాన్నగారి మాట.”

“నీళ్ళలో కలపాలి కదా మరి.”

“కలపాలి.”

“ఎలా?”

“అది నన్నడిగితే ఎలాగండీ? నేను పెయింట్లు కలిపేవాణ్ణి. గోడలూ నీళ్ళూ మీ సబ్జెక్టు.”

వాసుదేవరావు ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గర నిలబడ్డాడు. హైమ గోడ పక్కన గడ్డిలో కూర్చుని ఉంది. పరిచిన పలకలు పెరటి వైపు వాలి ఉన్నాయి. వాన పడితే ప్రతి చుక్కా జారి గోడకు అంగుళం దూరంలో పడుతుంది. అతను గీసింది అలాగే.

అలమరలోంచి రాగి చెంబు తీశాడు. కుళాయి తిప్పి నింపాడు. డబ్బాలోంచి నువ్వులు పిడికెడు తీశాడు. బయటికి వెళ్ళి లెనర్డ్‌ను పిలిచాడు.

“ఈ మూల పలక వాల్చొద్దు. లెవెల్‌గా పెట్టు.”

“నీళ్ళు నిలుస్తాయి” అన్నాడు లెనర్డ్.

“నిలవనీ. దీనికీ పక్క పలకకూ మధ్య అతుకులో మాలు వద్దు. ఖాళీగా వదిలెయ్. సరిగ్గా ఈ గది మీదికి రావాలి.”

“వానంతా లోపలికి పోతుంది. నువ్వే కదా డ్రాయింగ్ ఇచ్చావు? ఒక చలికాలం, ఎక్కువైతే రెండు. బ్లాకు పగులుతుంది.”

“తెలుసు.”

“తర్వాత నన్ను అనకూడదు.”

“అనను.”

లెనర్డ్ మాలు కలుపుకోవడానికి వెళ్ళాడు. వాసుదేవరావు నువ్వులు గదిలోకి జారవిడిచాడు. చెంబు వంచాడు. నీరు బ్లాకు గోడల వెంట దిగి అడుగుకు చేరింది. అప్పటికే అడుగున వాననీరు ఉన్నట్టుంది. నీటి మీద నీరు పడిన చప్పుడు వచ్చింది. అతను చెంబు ఖాళీ అయ్యేదాకా విన్నాడు. తర్వాత గోడకు వీపు పెట్టి ఇంటి వైపు నడిచాడు. హైమ లేచి అతని పక్కన నడిచింది. వెనక లెనర్డ్ పలక తట్టడం వినబడింది. ఇద్దరూ తిరగలేదు.

ప్లాస్టిక్ షీటు గరాజ్‌లో అటక మీద పెట్టాడు. కొన్నాళ్ళు పొద్దున్నే వెళ్ళి చూసేవాడు. మడత మడతలాగే ఉండేది.

ఆగస్టులో హైమ తూర్పు మూల పలక మీద తడిబట్ట పరిచి పిడికెడు మినప్పిండితో వడియాలు పెట్టింది. అవి ఎండడానికి వారం పట్టింది. పక్కింటి కుక్క గోడ అవతల కూర్చుని చూసింది. వాన పడ్డ రోజుల్లో నీరు ఆ పలక మీద నిలిచి, ఖాళీ అతుకులోంచి దిగేది. వంటింట్లోకి చప్పుడు వినిపించదు. అయినా వాన పడుతున్నంతసేపూ ఇద్దరిలో ఒకరు కిటికీ దగ్గర ఉండేవారు.

తర్వాతి జనవరిలో మళ్ళీ అంతే చలి పడింది. సంవత్సరీకం నాటికి ఆ మూల అడుగు బ్లాకు ముఖం మీద వెంట్రుకంత చీలిక కనిపించింది. ఫిబ్రవరికి అందులో నాణెం పట్టేలా ఉంది. మార్చి చివర మంచు కరిగాక ఒక పొద్దున అడుగు బ్లాకు ముఖం ఊడి గడ్డిలో పడింది. అరచెయ్యి దూరేంత కంత.

వాసుదేవరావు చీపురూ బకెట్టూ పట్టుకెళ్ళాడు. కంతకు వీపు పెట్టి కూర్చుని, చెయ్యి వెనక్కి చాపి, గడ్డిలోని సిమెంటు పెచ్చులు తడిమి ఏరాడు. ఏరుతుంటే వాన మొదలైంది. బకెట్ తీసుకుని తిన్నగా ఇంట్లోకి వచ్చాడు.

“చూశారా?” అంది హైమ.

“లేదు. నువ్వు?”

“నేను పొయ్యి దగ్గరున్నాను.”

వాన గట్టిపడింది. ఆమె కిటికీ దగ్గరకు వెళ్ళింది. కంత ఆ కిటికీకి కనబడదు. దాని ముందున్న గడ్డి కనబడుతుంది. పైన అతుకులో దిగిన నీరు కింద గోడలోంచి బయటికి వస్తోంది. గడ్డి మీదుగా పెరటి చివర కాలవలోకి పారుతోంది.

“ఆ కాలవ ఎక్కడికి పోతుందండీ?”

“క్లింటన్ నదిలోకి. సిటీ మ్యాపులో ఉంది.”

హైమ స్టవ్ ఆపి కాఫీ రెండు కప్పుల్లో పోసింది. లెనర్డ్‌ను పిలిచి ఆ కంత మూయించే మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.